తళిగలో ఉర్లగడ్డ... నూనె తగ్గినా రుచి తగ్గదు!

పెరటాసి నెల వచ్చిందంటే అలిపిరి పాదాల మండపం దగ్గర గోవింద నామాలు మార్మోగుతాయి. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా సాగే ఈ నెలలో తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో చాలా ఇళ్లలో మాంసం ముట్టరు. శనివారం స్వామికి తళిగ వేసి అరిటాకులో పులిహోర, వడ, పాయసం వడ్డిస్తారు. పక్కన ఎర్రగా వేగిన ఉర్లగడ్డ తాళింపు ఉంటే ఇక పిల్లలకు పండగే! '3,550 మెట్లు ఎక్కొచ్చాం కదా, ఏం కాదులే' అంటూ పెద్దలూ మారు వడ్డించుకుంటారు. చిక్కంతా ఇంట్లో బీపీ, షుగరు ఉన్నవాళ్లకే. తినాలా? మానాలా?

తప్పు గడ్డది కాదు!

అర కిలో ఉర్లగడ్డల్లో ఉండేవి 400 కెలోరీల లోపే. పొటాషియం, సి విటమిన్ అదనం. అదే వేపుడుకు ఆరు పెద్ద చెంచాల నూనె పోస్తే, ఒక్క నూనె నుంచే 700 కెలోరీలు దాటతాయి. రెండు చెంచాలతో సరిపెడితే నలుగురున్న ఇంట్లో తలా 120 కెలోరీలు తగ్గినట్టే.

ఇలా చేసి చూడండి

* గడ్డల్ని ముందురోజే తొక్కతో ఉడికించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇలా చల్లబడినప్పుడు పిండిపదార్థంలో కొంత, త్వరగా జీర్ణంకాని రూపంలోకి మారుతుంది. ముక్కలు విరిగిపోవు, నూనె కూడా తక్కువ పడుతుంది.

* ఇనుప బాణలిలో రెండు చెంచాల శెనిక్కాయ నూనె వేసి ఆవాలు, మినప్పప్పు, అల్లం, కరివేపాకుతో తాళింపు పెట్టాలి. పసుపు, ముక్కలు వేసి సన్నసెగన మగ్గనివ్వాలి. చివర్లో ఎండుమిర్చి వేసి కొట్టిన పప్పుల పొడి చల్లితే కమ్మగా, పొడిపొడిగా ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి అక్కర్లేదు. దించాక నిమ్మరసం పిండితే ఉప్పు తగ్గినా తెలీదు.

* సగం గడ్డలు, సగం బీన్స్ వేస్తే పీచు పెరుగుతుంది. సంక్రాంతికైతే బీన్స్ బదులు పితికిపప్పు కలపండి. మాంసకృత్తులూ అందుతాయి.

* బోండాలు కావాలని పిల్లలు మారాం చేస్తే గుంత పొంగణాల పెనం పొయ్యి మీద పెట్టండి. గుంతకు నాలుగు చుక్కల నూనె చాలు.

వేపుడే కావాలంటే...

ఎక్కువ సెగ మీద పిండిపదార్థాలు మాడితే అక్రిలమైడ్ అనే రసాయనం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. పచ్చి ముక్కల్ని అరగంట నీళ్లలో నానబెట్టి, తడి తుడిచి వేయిస్తే అది తగ్గుతుంది. ముక్క బంగారు రంగుకి రాగానే దించేయాలి. వేపుడుకి వాడే పచ్చిగడ్డల్ని ఫ్రిజ్‌లో ఉంచకూడదు. పచ్చగా మారినవాటిని పారేయడమే మేలు.

ఆకులో లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజూ 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమంటుంది. అందులో ఉర్లగడ్డను లెక్కపెట్టదు. అంటే ఇది అన్నానికి జోడీ కాదు, అన్నానికి బదులు! రెండు గరిటెల తాళింపు వేసుకుంటే ఆ మేరకు పులిహోర తగ్గించాలి. షుగరు ఉన్నవాళ్లు ఈ లెక్క మరవకూడదు. కిడ్నీ జబ్బు ఉంటే పొటాషియం సంగతి డాక్టరును అడిగాకే తినాలి.

మిగతావాళ్లు నిశ్చింతగా వడ్డించుకోవచ్చు... మారు మాత్రం మజ్జిగ అడగండి!