అంచున బతికే కణం

బాక్టీరియా కణం గురించిన పాఠం ఏ తరగతిలోదైనా సాధారణంగా లోటుల చిట్టాతో మొదలవుతుంది. కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు, గాల్జీ సంక్లిష్టం లేదు. ఇది పరీక్షలో మార్కులు తెచ్చే సమాధానం, తప్పు కూడా కాదు. కానీ సుమారు 350 కోట్ల ఏళ్లుగా భూమ్మీద నిలదొక్కుకున్న జీవిని దానికి లేనివాటి పేర్లతో పరిచయం చేస్తే అది ఎలా పనిచేస్తుందో అర్థం కాదు. మన కణాలు లోపల గదులు కట్టుకుని వాటిలో చేసుకునే పనుల్లో ముఖ్యమైనవాటిని బాక్టీరియా తన అంచుకు అప్పగించింది. ఊపిరి, శక్తి తయారీ, బయటి ప్రపంచాన్ని గుర్తుపట్టడం, దానికి జవాబివ్వడం అన్నీ కణత్వచం మీద, దాన్ని చుట్టిన కవచం మీద జరుగుతాయి. లోపలి భాగం తెరిచి ఉంటుంది, అందువల్ల పని వేగంగా సాగుతుంది. ఈ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ప్రయోగశాల గాజు పాత్ర కంటే నంద్యాల జిల్లా పప్పుశనగ చేను మంచి చోటు.

డోన్ వైపు ఎర్రనేలల్లో వేరుశనగ, తూర్పున నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలో పప్పుశనగ చాలాకాలంగా పండుతున్నాయి. వానలు వెనకబట్టాక, అక్టోబరు, నవంబరు నెలల్లో, నేలలో మిగిలిన తేమ మీదనే శనగ విత్తుతారు. ఈ పంటకు సిఫారసు చేసే నత్రజని ఎకరాకు 8 కిలోలే. వరితో పోల్చితే అది లెక్కలోకే రాదు. మిగతా నత్రజనిలో చాలా భాగాన్ని వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలి నుంచి తెచ్చిపెడుతుంది. శనగకు ఆ పని చేసేవాటిలో ప్రధానమైనది మీసోరైజోబియం సిసెరి. ప్రతి పప్పుజాతికీ దానికి సరిపడే బాక్టీరియా ఉంటుంది. శనగకు తగినది వేరుశనగకు పనికిరాదు. ఈ ఎంపిక జరిగేది అంచునే. శనగ వేరు ఫ్లావనాయిడ్లనే పదార్థాలను వదులుతుంది, బాక్టీరియా బదులుగా తన సంకేత అణువును పంపుతుంది, వేరు నూగు వంకర తిరిగి దాన్ని చుట్టేస్తుంది. బాక్టీరియా పైపొర మీద ఉన్న చక్కెర గొలుసులు సరిపోలకపోతే మొక్క దాన్ని శత్రువుగా లెక్కగట్టి ఆపేయవచ్చు. వేరుశనగలో దారి వేరు. పక్కవేళ్లు చీల్చుకొచ్చే చోట ఏర్పడే పగుళ్ల గుండా బాక్టీరియా లోపలికి వెళుతుంది.

బుడిపెను కోస్తే లోపల గులాబీ రంగు కనిపించాలి, కనిపిస్తేనే అది పనిచేస్తున్నట్టు. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు అది చుట్టం. ఇక్కడ ఒక చిక్కుంది. నత్రజనిని అమ్మోనియాగా మార్చే నైట్రోజినేజ్ అనే ఎంజైము ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. అయితే ఒక్కో నత్రజని అణువును మార్చడానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులు సుమారు 16 ఖర్చవుతాయి, అంత శక్తి రావాలంటే ఊపిరి కావాలి, ఊపిరికి ఆక్సిజన్ కావాలి. కర్మాగారంలో ఇదే పనిని 400 డిగ్రీలకు మించిన వేడిలో, వందకు పైగా వాతావరణాల పీడనంలో చేయిస్తారు. బాక్టీరియాకు ఆ సదుపాయాలేవీ లేవు, ఒక పొర ఉంది. లెగ్‌హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను కొద్దికొద్దిగా అందిస్తుంది, కణత్వచంలోని ఆక్సిడేజ్ అనే ప్రత్యేకమైన ఎంజైము ఆ కొద్దిపాటిని కూడా అక్కడికక్కడే వాడేసి శక్తిగా మారుస్తుంది. లోపలున్న నైట్రోజినేజ్‌కు ఆక్సిజన్ తగలదు. పొర మీద ఊపిరి పీల్చడమే లోపలి యంత్రానికి కాపలా అవుతోంది. మన కణాల్లో ఊపిరి పని చేసే మైటోకాండ్రియా ఒకప్పటి బాక్టీరియా వారసులేనని జీవశాస్త్రం అంగీకరించింది. కనుక బాక్టీరియాకు మైటోకాండ్రియా లేదనడం కంటే, మన కణం ఆ పొరను అరువు తెచ్చుకుందనడం న్యాయంగా ఉంటుంది.

పొర మెత్తనిది. లోపలి పీడనం కొన్ని వాతావరణాల దాకా ఉంటుంది కాబట్టి బయట గట్టి కవచం లేకపోతే చాలా బాక్టీరియా కణాలు పగిలిపోతాయి. చక్కెర గొలుసులను చిన్న పెప్టైడ్ ముక్కలు అడ్డంగా కలపగా ఏర్పడిన పెప్టిడోగ్లైకాన్ అల్లికే ఆ కవచం. దాని మందాన్ని బట్టి రంగు పట్టే తీరు మారుతుంది. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ వెల్లడించిన ఆ రంగు పద్ధతితోనే ఇప్పటికీ ఆసుపత్రి ప్రయోగశాలలు బాక్టీరియాను రెండు వర్గాలుగా విడదీస్తున్నాయి. అయితే గట్టి కవచంలో ఉన్న కణం పెరిగేదెలా? వలలో కొత్త వరస చేర్చాలంటే ముందు పాత ముడులు విప్పాలి కదా. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో మంజులా రెడ్డి బృందం 2012లో ఈ.కోలై అనే బాక్టీరియాలో ఆ ముడులు విప్పే మూడు ఎంజైములను గుర్తించింది. మూడూ లేకుండా చేస్తే కొత్త గొలుసులు అల్లికలో చేరవు, కణం పగిలి చనిపోతుంది. ఆ పరిశోధనకే ఆమెకు 2019లో జీవశాస్త్ర విభాగంలో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. నా దృష్టిలో ఈ ఫలితం విలువ బహుమతిని మించినది. కవచం కదలని గోడ కాదని, అనుక్షణం విప్పుతూ అల్లుకునే క్రియ అని అది నిరూపించింది. పెన్సిలిన్ చంపే తీరు కూడా దీనితో తేలిగ్గా బోధపడుతుంది. ముడివేసే ఎంజైములను అది పట్టేస్తుంది, విప్పేవి మాత్రం తమ పని ఆపవు.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజం. అంచు అంత పనిమంతురాలైతే లోపలిదంతా క్రమం లేని ఎంజైముల సంచేనా? చాలాకాలం అలాగే అనుకున్నారు. ఇప్పుడు ఆ మాట నిలవదు. కణం రెండుగా చీలే చోట ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ప్రోటీను ఉంగరంలా పేరుకుంటుందని 1991లో తెలిసింది, అది మన కణాల్లోని ట్యూబులిన్ అనే ప్రోటీనుకు దూరపు బంధువు. ఈ.కోలైలో సుమారు 46 లక్షల అక్షరాల డీఎన్‌ఏ, సాగదీస్తే మిల్లీమీటరు దాటేది, రెండు మైక్రాన్ల కణంలో మడతలు పడి ఇముడుతుంది. కేంద్రకం గోడ అడ్డులేనందువల్ల ఆర్‌ఎన్‌ఏ నకలు పూర్తికాకముందే రైబోజోములు దాన్ని చదివి ప్రోటీను తయారీ మొదలుపెట్టేస్తాయి. డీఎన్‌ఏ మొత్తం నకలు కావడానికి 40 నిమిషాలు పడితే మంచి ఆహారంలో కణం 20 నిమిషాలకే చీలుతుంది. ఇదెలా అంటే, ఒక నకలు పూర్తికాకముందే మనవళ్ల కోసం మరో నకలు మొదలై ఉంటుంది. బాక్టీరియా రైబోజోము మన రైబోజోముకు భిన్నమైనది కావడం వైద్యానికి కలిసొచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన అమెరికాలోని లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది, 1948లో లోకానికి తెలిసింది. బాక్టీరియా రైబోజోములోని చిన్న భాగం మీద అమైనో ఆమ్లాన్ని తెచ్చే ఆర్‌ఎన్‌ఏకు చోటు లేకుండా చేయడమే దాని పద్ధతి. సుబ్బారావు ఆ ఏడాదే ఆగస్టులో కన్నుమూశారు.

రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది. అంచే సర్వస్వమైతే కణం పెద్దదైన కొద్దీ అంచు చాలదు, అందుకే బాక్టీరియా చిన్నగా ఉండిపోయింది, అంటే ఇది వరం కాదు, బందీతనమే కదా? ఇందులో సగం ఒప్పుకోవాలి. ఘనపరిమాణం పెరిగినంత వేగంగా ఉపరితలం పెరగదు, లోపలికి పదార్థాలు చేరేది ఎక్కువగా వ్యాపనం మీదే. నమీబియా తీరంలో దొరికిందని 1999లో ప్రకటించిన థయోమార్గరీటా అనే బాక్టీరియా కంటికి కనిపించేంత పెద్దదే కానీ దాని లోపల ఎక్కువ భాగం ద్రవం నిండిన కోశం, బతుకంతా పలచటి అంచున ఉంటుంది. దాని బంధువు, కరీబియన్ మడ అడవుల్లోది, సెంటీమీటరు పొడవుంటుందని 2022లో ప్రకటించారు. అది తన డీఎన్‌ఏను చిన్న పొర సంచుల్లో పెట్టుకుంటుంది. కాబట్టి బాక్టీరియాలో లోపలి పొరలు అసలే ఉండవన్న నియమం కూడా పూర్తి నిజం కాదు. సయనోబాక్టీరియా లోపల పేర్చుకున్న పొరలు అందరికీ తెలిసినవే. నేను చెప్పే సూత్రానికి ఇవి హద్దులు గీస్తాయి కానీ దాన్ని కొట్టేయవు. పెద్దదైన బాక్టీరియా కూడా కొత్త అంచులు సంపాదించుకునే పెరిగింది.

నిర్మాణం పనిని శాసిస్తుందన్న మాటకు చేలో దొరికే ఆఖరి రుజువు సిద్ధబీజం. బాసిల్లస్ తురింజియెన్సిస్ ఆకలి వేళ మందపాటి పొరలు చుట్టుకున్న సిద్ధబీజంగా మారి ఎండకు, ఎద్దడికి తట్టుకుని ఏళ్ల తరబడి ఉండగలదు. ఆ సమయంలోనే పక్కన ఒక ప్రోటీను స్ఫటికాన్ని తయారుచేస్తుంది, అది పురుగు కడుపులోని క్షారంలో కరిగి పేగు పొరకు రంధ్రాలు పెడుతుంది. 2002లో భారత్‌లో అనుమతి పొందిన బీటీ పత్తిలో ఉన్నది ఆ స్ఫటికం జన్యువే. దాన్ని పత్తిలోకి చేర్చింది కూడా ఒక బాక్టీరియానే, వేరు బుడిపెల్లో ఉండే రైజోబియంకు బంధువైన అగ్రోబాక్టీరియం. రైజోబియంకు మాత్రం సిద్ధబీజం లేదు. అందుకే గింజకు పట్టించడానికి అమ్మే దాని పొడి ప్యాకెట్‌ను ఎండలో పెడితే లోపలి జీవాలు చనిపోతాయి, గడువు దాటితే పనికిరాదు. బెల్లం నీళ్లతో గింజకు పట్టించి నీడలో ఆరబెట్టి వెంటనే విత్తమనడం, శిలీంద్రనాశిని ముందు, రైజోబియం ఆఖరున అనడం ఇందుకే. నెలల తరబడి నీళ్లు నిలిచిన వరిమళ్లలో శనగ రైజోబియం సంఖ్య బాగా తగ్గుతుంది. కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద వరి కోసిన మడిలో శనగ వేసే రైతుకు, ఏటా శనగే వేసే రేగడి రైతుకంటే, ఆ ప్యాకెట్ అవసరం ఎక్కువ.