పిలిచి ఆడించే కప్పు: అపోహలు – వాస్తవాలు

తెనాలిలోనైనా, బాపట్ల, రేపల్లెల్లోనైనా ఆట అనగానే క్రికెట్టే గుర్తొస్తుంది. ఆడపిల్ల ఫుట్‌బాల్ ఆడతానంటే “కాళ్లు విరగ్గొట్టుకోడానికా తల్లీ” అంటారు ఇంట్లో. మన అమ్మాయిల జట్టు టర్కీ వెళ్లి ఆహ్వాన టోర్నీ ఆడిందని పేపర్లో నాలుగు లైన్లు వస్తే “పిలిస్తే వెళ్లారు, అందులో గొప్పేముంది” అని పేజీ తిప్పేస్తారు. ఈ మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: ఆహ్వాన టోర్నీలు సరదా మ్యాచ్‌లు. లెక్కలోకి రావు.

వాస్తవం: రెండు దేశాల సీనియర్ జట్లు ఫిఫా నిబంధనల ప్రకారం ఆడితే అది అచ్చమైన అంతర్జాతీయ మ్యాచే. కొట్టిన గోల్ ఆ అమ్మాయి ఖాతాలో పడుతుంది, ఫలితం ర్యాంకింగ్‌కు చేరుతుంది. కాకపోతే ఫ్రెండ్లీ కింద లెక్క కాబట్టి, ప్రపంచ కప్ మ్యాచ్‌కిచ్చే ప్రాధాన్యంలో నాలుగో వంతే దీనికి ఇస్తారు.

అపోహ: ఫైనల్ కూడా ఉండని కప్పు ఏం కప్పు?

వాస్తవం: చాలా ఆహ్వాన టోర్నీల్లో అందరూ అందరితో ఆడతారు, పాయింట్లు ఎక్కువ వచ్చినవాళ్లకే కప్పు. ఒక్క మ్యాచ్ ఓడి ఇంటిదారి పట్టకుండా, వచ్చిన ప్రతి జట్టుకూ వరసగా మ్యాచ్‌లు దొరకాలనే ఈ ఏర్పాటు. 2024 ఫిబ్రవరిలో టర్కీలోని అలన్యాలో జరిగిన టర్కిష్ ఉమెన్స్ కప్‌లో భారత్ మొదట ఎస్తోనియాను 4-3తో ఓడించింది. 4-1 ఆధిక్యంలో ఉండి, చివర్లో రెండు గోల్స్ ఇచ్చి, ఊపిరి బిగబట్టి గట్టెక్కిన మ్యాచ్ అది. ఐరోపా దేశపు సీనియర్ జట్టుపై మన అమ్మాయిలకు అదే తొలి విజయం. తర్వాత హాంకాంగ్‌పై 2-0తో గెలిచి, కొసోవో చేతిలో 0-1తో ఓడి రన్నరప్‌గా నిలిచారు.

అపోహ: అందులో తెలుగమ్మాయిలెవరున్నారు?

వాస్తవం: ఆ హాంకాంగ్ మ్యాచ్‌లో రెండో గోల్ కొట్టింది నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్యే. పరుగు పందేలతో మొదలుపెట్టి ఫుట్‌బాల్‌కు వచ్చిన అమ్మాయి. 2024–25లో ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డూ ఆమెకే దక్కింది.

అపోహ: ఆడవాళ్ల ఫుట్‌బాల్ నిన్నమొన్నటిది. బంతి చిన్నది, ఆట సమయమూ తక్కువే.

వాస్తవం: సీనియర్ స్థాయిలో బంతి అదే అయిదో నంబరు. అవే 90 నిమిషాలు, అవే గోల్‌పోస్టులు. ఇక చరిత్రకొస్తే, 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో మహిళల మ్యాచ్ చూడ్డానికి 53 వేల మంది వచ్చారు. మరుసటి ఏడాదే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన సభ్య క్లబ్బుల మైదానాల్లో మహిళలు ఆడకుండా నిషేధించింది. దాదాపు యాభై ఏళ్లు అదే తీరు. అంటే ఆట లేక కాదు, ఆడనివ్వక వెనకబడింది. 1988లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఫిఫా 12 జట్లను పిలిచి ఒక టోర్నీ ఆడించి చూసింది. అది బాగా నడవడంతో 1991లో తొలి మహిళల ప్రపంచ కప్‌కు దారి పడింది. ఆ కప్పు పుట్టిందే ఒక ఆహ్వాన టోర్నీ నుంచి!

అపోహ: అరడజను గోల్స్‌తో ఓడిపోయేదానికి విమానం ఖర్చు దండగ.

వాస్తవం: 2021 నవంబరులో బ్రెజిల్‌లోని మనౌస్‌లో జరిగిన నాలుగు దేశాల టోర్నీలో మనవాళ్లు బ్రెజిల్ చేతిలో 1-6తో ఓడిన మాట నిజమే. మొదటి నిమిషంలోనే గోల్ తిన్నారు. అయినా ఎనిమిదో నిమిషంలో మనీషా కల్యాణ్ స్కోరు సమం చేసింది. చిలీ, వెనెజువెలా చేతుల్లోనూ ఓటమే. కానీ 2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో ఆతిథ్య థాయ్‌లాండ్‌నే 2-1తో ఓడించి భారత్ 2026 ఆసియా కప్‌లో చోటు సంపాదించింది. క్వాలిఫయర్లు గెలిచి ఆ టోర్నీకి వెళ్లడం మనకదే మొదటిసారి. మనకంటే గట్టివాళ్లతో తరచూ ఆడకుండా ఇలాంటి రోజు రాదు.

అపోహ: డబ్బు కడితే మా పిల్ల కూడా ‘ఇంటర్నేషనల్’ ఆడొచ్చు.

వాస్తవం: తల్లిదండ్రులు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. జాతీయ జట్ల టోర్నీకి పిలుపు వచ్చేది దేశ సమాఖ్యకు, అమ్మాయికి కాదు. జట్టును అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఎంపిక చేస్తుంది. ప్రైవేటు నిర్వాహకులకు ఫీజు కట్టి పొరుగు దేశంలో ఆడొస్తే అనుభవం రావచ్చేమోగాని, దేశం తరఫున ఆడినట్టు కాదు. అసలు దారి జిల్లా సెలక్షన్ల నుంచి రాష్ట్ర జట్టుకు, అక్కణ్నుంచి జాతీయ పోటీలకు, ఆపైన జాతీయ శిబిరానికి. తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. బాపట్ల, రేపల్లె 2022లో ఏర్పడ్డ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. కాబట్టి మీ పిల్ల ఏ జిల్లా సెలక్షన్లకు వెళ్లాలో ముందే కనుక్కోండి. ఎవరైనా ‘ఇంటర్నేషనల్’ అంటూ రసీదు పుస్తకం తీస్తే ఒక్కటే అడగండి: ఈ జట్టును ఎంపిక చేసిందెవరు?