నేలకీ ఆవేశం ఉంటుందా?

బోర్డు మీద 'ఆవేశం' అని రాయగానే పిల్లలు నవ్వారు. "నేలకి కోపమెందుకు సార్?" అన్నాడొకడు. షోలాపూర్ వైపు తెలుగు బడుల్లో పాఠాలు చెప్పే మాకు ఇది అలవాటే. 'విద్యుదావేశం' అని పూర్తిగా రాశాక నవ్వు ఆగి, అసలు ప్రశ్న వచ్చింది. "మన నల్లరేగడీ అగ్నిపర్వతాల నుంచే వచ్చిందిగా! జపాన్ నల్లమట్టీ ఇదీ ఒకటేనా?"

సగం ఒకటే. మన రేగడికి మూలం సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనులో పారిన లావా. అది గట్టిపడి బసాల్ట్ రాయి అయింది, ఆ రాయి చివికి రేగడి అయింది. జపాన్‌లోని 'కురోబోకు' మాత్రం అగ్నిపర్వతాలు ఎగజిమ్మిన బూడిద నుంచి పుట్టిన నేల. రెండూ నలుపే, గుణం వేరు.

రేగడి బంకమట్టి రేణువుల్లో అల్యూమినియం ఉండాల్సిన చోట్ల కొంత మెగ్నీషియం చేరి ఉంటుంది. అలా ఏర్పడిన రుణావేశం శాశ్వతం. పొటాషియం, కాల్షియం వంటి ధనావేశ పోషకాలను అది పట్టి ఉంచుతుంది. బూడిద నేలలోని అల్లోఫేన్‌కు ఆ నిలకడ లేదు. అవి బోలు గోళాలు, ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు 2 లక్షల వంతు. నేల పులుపెక్కితే హైడ్రోజన్ అయాన్లను తీసుకుని ధనావేశం వైపు మొగ్గుతాయి. పులుపు తగ్గితే వదిలేసి రుణావేశం వైపు వస్తాయి. అందుకే పుల్లటి బూడిద నేలలో పొటాషియం వానకి కొట్టుకుపోతుంది, సున్నం వేస్తే కాస్త నిలుస్తుంది.

ఇక భాస్వరం సంగతి మరీ కష్టం. రైతు వేసిన ఫాస్ఫేట్‌ను అక్కడి అల్యూమినియం గట్టిగా పట్టేసుకుని పైరుకు అందనివ్వదు. 'అగ్నిపర్వత నేలలు సారవంతమైనవి' అని ఒక్క ముక్కలో బట్టీ పట్టించడం మాకు నచ్చనిది ఇందుకే. ఫాస్ఫేట్ ఎరువు బాగా పడితేనే కురోబోకు మంచి పంట ఇస్తుంది.

తెలుగు మాటలతో సైన్సు చదివితే పైతరగతుల్లో వెనకబడతారని తల్లిదండ్రులు కొందరు భయపడుతున్నారు. అది ఊరికే కొట్టిపారేసే భయం కాదు. అందుకే ఛార్జ్ అన్న మాటా పక్కనే రాయిస్తున్నాం. కానీ ఆ ప్రశ్న పుట్టింది 'రేగడి' అన్న మాట దగ్గరే.

ఇంట్లో ఒకటి చేసి చూడండి. రెండు గాజు గ్లాసుల్లో ఆర్వో ఫిల్టరు నీళ్లు పోసి, చెంచాడేసి రేగడి మట్టి కలపండి. ఒకదాంట్లో చిటికెడు పటిక పొడి వేయండి. ఆ గ్లాసు ముందు తేటపడుతుంది. రుణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటున్న రేణువులు, పటికలోని అల్యూమినియం ధనావేశం తగలగానే ఒకచోట చేరి అడుక్కి దిగుతాయి.