చెరిపేసిన ఫైలు ఎక్కడికి పోతుంది?

ఒక పెద్ద ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. నిమిషాలు పడుతుంది. అదే ఫైలును డిలీట్ చేయండి. రెప్పపాటులో పని అయిపోతుంది. పలక మీద ఎంత మేర రాస్తే అంత మేరా తుడవాలి కదా! మరి కంప్యూటర్ ఇంత పెద్ద ఫైలును క్షణంలో ఎలా తుడిచేస్తోంది?

నిజానికి అది ఫైలును తుడవడం లేదు. ఫైలు గురించి రాసిపెట్టుకున్న లెక్కను మాత్రమే మారుస్తోంది. ఈ మాట అర్థం కావాలంటే ఆపరేటింగ్ సిస్టం ఫైళ్ళను డిస్కు మీద ఎలా అమరుస్తుందో తెలియాలి. అందుకు 1.44 మెగాబైట్ల ఫ్లాపీ డిస్కును మించిన ఉదాహరణ లేదు. 1987లో ఐబిఎం పిఎస్/2 కంప్యూటర్లతో ప్రచారంలోకి వచ్చిన ఈ ఫ్లాపీ ఇప్పుడు దాదాపుగా కనుమరుగైంది. కానీ దాని లోపలి ఏర్పాటు ఎంత సరళమంటే, కాగితం, పెన్సిలు ఉంటే మొత్తం మనమే గీసి చూసుకోవచ్చు. పైగా అదే ఏర్పాటు కాస్త పెద్దదై నేటి మెమరీ కార్డుల్లోనూ పనిచేస్తోంది.

డిస్కుకు ఫైళ్ళు తెలియవు

ఫ్లాపీకి రెండు ముఖాలు. ఒక్కొక్క ముఖం మీద 80 వలయాలు ఉంటాయి. వీటిని ట్రాకులు అంటారు. ప్రతి ట్రాకునూ 18 భాగాలు చేస్తారు. ఈ భాగమే సెక్టారు. ఒక సెక్టారులో 512 బైట్లు, అంటే సుమారుగా 512 ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. లెక్క కట్టండి: 2 × 80 × 18 = 2,880 సెక్టార్లు. వాటిలో పట్టేది 14,74,560 బైట్లు.

డిస్కుకు తెలిసింది ఇంతే. "1,205వ సెక్టారు చదువు" అంటే చదువుతుంది, "దాంట్లో ఇది రాయి" అంటే రాస్తుంది. ఫలానా సెక్టారు మీ ఉత్తరంలోదా, మీ స్నేహితుడి బొమ్మలోదా అన్న సంగతి దానికి పట్టదు. పేరు, పరిమాణం, తేదీ, ఏ ముక్క తర్వాత ఏ ముక్క అనే వరుస ఇవన్నీ ఆపరేటింగ్ సిస్టం కల్పించినవే. ఈ వివరాలను అది డిస్కు మీదే, మొదటి కొన్ని సెక్టార్లలో రాసి పెట్టుకుంటుంది.

మొదటి 33 సెక్టార్లు

ఫ్లాపీ సెక్టార్లను సున్నా నుంచి లెక్కిద్దాం. 0వ సెక్టారులో డిస్కు కొలతలు ఉంటాయి. దీనిని బూట్ సెక్టారు అంటారు. 1 నుంచి 9 వరకు ఉన్న తొమ్మిది సెక్టార్లలో ఒక పట్టిక ఉంటుంది. దాని పేరు ఫైల్ అలొకేషన్ టేబుల్. అంటే ఫైళ్ళకు స్థలాన్ని కేటాయించే పట్టిక. పొట్టిగా దీన్ని ఫ్యాట్ అంటారు. 10 నుంచి 18 వరకు అదే పట్టికకు నకలు ఉంటుంది. ఒకటి పాడైతే రెండోది ఆదుకుంటుందని ఈ జాగ్రత్త. 19 నుంచి 32 వరకు ఉన్న 14 సెక్టార్లు డైరెక్టరీవి. ఇక 33 నుంచి 2,879 వరకు ఉన్న 2,847 సెక్టార్లే మన ఫైళ్ళకు మిగిలే చోటు. మొత్తం 14,57,664 బైట్లు.

ఈ పద్ధతికి పునాది 1977లో పడింది. మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ దీనిని బేసిక్ భాషకు సంబంధించిన ఒక డిస్కు వ్యవస్థ కోసం రూపొందించాడు. 1980లో టిమ్ ప్యాటర్సన్ తన 86-డాస్‌లో ఈ ఆలోచనను వాడుకున్నాడు. దానినే మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసి ఎంఎస్-డాస్‌గా మలిచింది. 1981లో ఐబిఎం పిసితో పాటు ఇది ప్రపంచమంతా పాకింది.

డైరెక్టరీలో ఒక వరుస

డైరెక్టరీ ఒక హాజరు పట్టీ లాంటిది. ఒక్కొక్క ఫైలుకు ఒక్కొక్క వరుస. ప్రతి వరుస సరిగ్గా 32 బైట్ల పొడవు. 14 సెక్టార్లలో ఇలాంటి వరుసలు 224 పడతాయి. అందుకే, చోటు ఎంత మిగిలి ఉన్నా, ఫ్లాపీ ప్రధాన డైరెక్టరీలో 224 పేర్లకు మించి పట్టవు.

ఆ 32 బైట్లలో ఏముంటుంది? మొదటి 8 బైట్లు పేరుకు, తర్వాతి 3 బైట్లు పేరు చివరి తోకకు. డాస్ రోజుల్లో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు మించకూడదనే నియమం ఇక్కడి నుంచే వచ్చింది. ఆ తర్వాత ఒక బైటు ఫైలు లక్షణాలను చెబుతుంది: దాచిన ఫైలా, మార్చకూడని ఫైలా, లేక మరో డైరెక్టరీయా అని. ఇంకొన్ని బైట్లు తేదీకి, సమయానికి. చివర అతి ముఖ్యమైన రెండు వివరాలు: ఫైలు ఏ చోట మొదలవుతుంది, దాని పొడవు ఎన్ని బైట్లు.

గమనించారా? వరుసలో ఫైలు మొదటి చోటు మాత్రమే ఉంది. రెండో ముక్క, మూడో ముక్క ఎక్కడున్నాయో లేదు. ఆ పని ఫ్యాట్ పట్టికది.

సంఖ్యల గొలుసు

ఫైళ్ళకు చోటు కేటాయించేటప్పుడు వాడే కొలమానాన్ని క్లస్టరు అంటారు. పెద్ద డిస్కుల్లో ఎన్నో సెక్టార్లు కలిస్తే ఒక క్లస్టరు. మన ఫ్లాపీలో మాత్రం ఒక క్లస్టరుకు ఒకటే సెక్టారు. పట్టికలో మొదటి రెండు గడులను వేరే అవసరాలకు వాడతారు కాబట్టి క్లస్టర్ల సంఖ్యలు 2 నుంచి మొదలవుతాయి. 2వ క్లస్టరు అంటే 33వ సెక్టారు అన్నమాట.

పట్టికలో ప్రతి క్లస్టరుకూ ఒక గడి ఉంటుంది. ఆ గడిలో సున్నా ఉంటే ఆ క్లస్టరు ఖాళీ. మామూలు సంఖ్య ఉంటే, "ఈ ఫైలు తర్వాతి ముక్క ఫలానా క్లస్టరులో ఉంది" అని అర్థం. ప్రత్యేకమైన ముగింపు గుర్తు ఉంటే ఫైలు అక్కడితో అయిపోయింది. ఒక్కొక్క గడికి 12 బిట్లు, అంటే బైటున్నర చోటు పడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఖాళీ ఫ్లాపీ మీద 'లెటర్' అనే 1,200 బైట్ల ఫైలు రాశాం. దానికి మూడు క్లస్టర్లు కావాలి: 2, 3, 4. తర్వాత 'మార్క్స్' అనే 900 బైట్ల ఫైలు రాశాం. దానికి 5, 6 దక్కాయి. ఇప్పుడు లెటర్‌ను తీసేశాం. 2, 3, 4 ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత 'లెసన్' అనే 2,500 బైట్ల ఫైలు రాయాలి. దానికి ఐదు క్లస్టర్లు కావాలి. పక్కపక్కన ఖాళీగా ఉన్నవి మూడే. ఫర్వాలేదు, మొదటి మూడు ముక్కలు 2, 3, 4లో పెట్టి, మిగిలిన రెండూ 7, 8లో పెట్టవచ్చు. అప్పుడు పట్టిక ఇలా ఉంటుంది:

2వ గడిలో: 3
3వ గడిలో: 4
4వ గడిలో: 7
7వ గడిలో: 8
8వ గడిలో: ముగింపు

లెసన్ ఫైలును తెరవమంటే ఆపరేటింగ్ సిస్టం డైరెక్టరీలో పేరు వెతికి, మొదటి క్లస్టరు 2 అని తెలుసుకుంటుంది. అక్కడి నుంచి గొలుసు పట్టుకుని 3, 4, 7, 8 చదువుకుంటూ పోతుంది. చివరి క్లస్టరులో ఎంత వరకు ఫైలుదో పొడవును బట్టి తెలుస్తుంది. ఐదు క్లస్టర్లలో 2,560 బైట్లు పడతాయి కాబట్టి చివరి 60 బైట్లు వృథా. మనకు తెర మీద ఏకఖండంగా కనిపించే ఫైలు డిస్కు మీద చెల్లాచెదురుగా ఉందన్నమాట!

డిలీట్ అంటే ఇదీ

ఇప్పుడు లెసన్‌ను డిలీట్ చేద్దాం. ఆపరేటింగ్ సిస్టం రెండే పనులు చేస్తుంది. డైరెక్టరీ వరుసలో పేరు మొదటి అక్షరం స్థానంలో 229 అనే సంఖ్య రాస్తుంది. "ఈ వరుస చెల్లదు" అని దాని అర్థం. పట్టికలోనూ దాని నకలులోనూ 2, 3, 4, 7, 8 గడుల్లో సున్నాలు వేస్తుంది. అంతే! 33వ సెక్టారు వంక కన్నెత్తి చూడదు. పాఠంలోని 2,500 బైట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. పొలం చేతులు మారినప్పుడు నేల కదలదు, రికార్డులో పేరు మాత్రమే మారుతుంది. ఇదీ అలాంటిదే.

అయితే పోయిన ఫైలును తిరిగి తెచ్చుకోవచ్చా? 1991లో వచ్చిన ఎంఎస్-డాస్ 5లో అన్‌డిలీట్ అనే ఆదేశం ఇందుకే ఉండేది. అది పేరులోని మొదటి అక్షరం ఏమిటని మనల్నే అడిగేది. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. ఆ ఒక్క అక్షరమే నిజంగా చెరిగిపోయింది!

కానీ గొలుసు తెగిపోయింది. డైరెక్టరీ వరుసలో మిగిలింది మొదటి క్లస్టరు 2 అని, పొడవు 2,500 అని. అంటే ఐదు క్లస్టర్లు. 2 నుంచి మొదలుపెట్టి ఖాళీగా ఉన్న ఐదింటిని ఏరితే 2, 3, 4, 7, 8 వస్తాయి. 5, 6 మార్క్స్‌వి కాబట్టి వాటిని వదిలేస్తాం. పాఠం దొరికింది! అదే మార్క్స్‌ను కూడా డిలీట్ చేసి ఉంటే? అప్పుడు 2, 3, 4, 5, 6 అని ఊహిస్తాం. పాఠం మధ్యలో మార్కులు దూరతాయి. ఇక డిలీట్ చేశాక 400 బైట్ల చిన్న కొత్త ఫైలు ఒక్కటి రాసినా, అది 2వ క్లస్టరులో పడితే పాఠం మొదటి ముక్క శాశ్వతంగా పోయినట్టే.

అందుకే, ముఖ్యమైన ఫైలు పొరపాటున పోతే మొదటి సూత్రం ఒకటే: ఆ కార్డు మీద గానీ పెన్‌డ్రైవ్ మీద గానీ ఇంకేమీ రాయవద్దు. ఒక్క ఫోటో కూడా తీయవద్దు. ఫైలును వెలికితీసే ప్రోగ్రామును కూడా వేరే డిస్కు మీదే పెట్టుకోండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పాత మెమరీ కార్డును అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా, మీరు డిలీట్ చేసిన ఫోటోలు, ఉత్తరాలు అందులో ఉండిపోయి ఉండవచ్చు. క్విక్ ఫార్మాట్ చేసినా అంతే. అది పట్టికను, డైరెక్టరీని ఖాళీ చేస్తుంది తప్ప ఫైళ్ళ చోటును తుడవదు. కార్డంతటినీ కొత్త సమాచారంతో నింపి పాత దాని మీద రాయించే పూర్తి ఫార్మాట్ చేస్తేనే కొంత ధీమా. ఎస్‌ఎస్‌డి డిస్కుల సంగతి వేరు. వాటిలో ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల, ఖాళీ అయిన చోటును డిస్కే తనంతట తాను తుడిచేయవచ్చు. అక్కడ పోయిన ఫైలు తిరిగి దొరుకుతుందనే ఆశ తక్కువ.

కరెంటు పోతే?

ఫైలు రాసేటప్పుడు పట్టికలో గొలుసు కట్టాలి, డైరెక్టరీలో వరుస పూర్తి చేయాలి. ఈ రెండింటి మధ్య కరెంటు పోయిందనుకోండి. గొలుసు ఉంటుంది గానీ దాని మొదలు చూపే వరుస ఉండదు. ఆ క్లస్టర్లు ఖాళీ కావు, ఎవరివీ కావు. డాస్‌లోని చెక్‌డిస్క్ ప్రోగ్రాము ఇలాంటి అనాథ గొలుసులను ఏరి, వాటికి కొత్త ఫైలు పేర్లు పెట్టేది. పెన్‌డ్రైవ్‌ను హఠాత్తుగా లాగేయవద్దని చెప్పడంలో ఉన్న కారణం కూడా ఇదే.

నేటి ఫ్యాట్

డిస్కులు పెరిగే కొద్దీ 12 బిట్ల గడి చాలలేదు. 1984లో 16 బిట్లది, 1996లో ఫ్యాట్32 వచ్చాయి. పద్ధతి మాత్రం మారలేదు. ఫైలు పొడవు రాయడానికి ఫ్యాట్32లో కూడా నాలుగు బైట్లే ఉన్నాయి. నాలుగు బైట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. అందుకే ఎంత చోటున్నా ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ మీదికి 4 గిగాబైట్ల ఫైలు ఎక్కదు. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ ఈ ఇబ్బందిని తొలగించింది.

మీరే చేసి చూడండి

నోట్‌ప్యాడ్‌లో ఐదు ఇంగ్లీషు అక్షరాలు టైపు చేసి, ఆ ఫైలును ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ మీద దాచండి. విండోస్‌లో ఆ ఫైలు ప్రాపర్టీస్ తెరవండి. 'సైజ్' దగ్గర 5 బైట్లు అని, 'సైజ్ ఆన్ డిస్క్' దగ్గర వేలల్లో ఒక సంఖ్య కనిపిస్తాయి. ఆ రెండో సంఖ్యే మీ పెన్‌డ్రైవ్‌లోని ఒక క్లస్టరు పరిమాణం.

ఇప్పుడు ఒక లెక్క. మన ఫ్లాపీ మీద 10,000 బైట్ల ఫైలు రాస్తే ఎన్ని క్లస్టర్లు పడతాయి? ఎన్ని బైట్లు వృథా అవుతాయి? 20 క్లస్టర్లు, 240 బైట్లు అని వచ్చిందా? అయితే ఫైలంటే ఏమిటో మీకు తెలిసిపోయినట్టే.