సెలవు రోజున సేవ

అమెరికాలో ఏటా జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ జయంతి సెలవు. 1983లో అధ్యక్షుడు రీగన్ సంతకంతో చట్టమై, 1986 నుంచి అమల్లోకి వచ్చింది. పౌరహక్కుల కోసం ప్రాణమిచ్చిన మనిషిని విశ్రాంతితో కాక పనితో స్మరించాలన్నది కాంగ్రెస్ సభ్యుడు జాన్ లూయిస్, సెనేటర్ హారిస్ వాఫర్డ్‌ల పట్టుదల. లూయిస్ స్వయంగా కింగ్‌తో కలిసి నడిచినవాడు. వారి కృషి ఫలించి 1994లో ఇది జాతీయ సేవాదినమైంది.

శని, ఆది, సోమవారాలు కలిసిరావడంతో ఉద్యోగులకూ విద్యార్థులకూ వెసులుబాటు దొరుకుతుంది. ఫుడ్ బ్యాంకుల్లో సరుకులు ఏరి పెట్టెల్లో సర్దడం, బడిగోడలకు రంగులు వేయడం, పార్కుల్లో చెత్త తీయడం, ఒంటరి వృద్ధులకు భోజనం చేర్చడం వంటి పనులుంటాయి. ఉత్తరాదిన అది గడ్డకట్టే చలికాలం. అందుకే అక్కడ నాలుగు గోడల మధ్య చేసే పనులే ఎక్కువ: గుడ్డ అంచులు ముడివేసి దుప్పట్లు తయారుచేయడం, ఇల్లు లేనివారికి సబ్బు, సాక్సులు, టూత్‌బ్రష్‌లతో సంచులు నింపడం. వీటిలో చిన్నపిల్లలూ చేయి కలపగలరు. కుటుంబమంతా కలిసి వెళ్లడానికి ఇవే అనువైనవి.

దేశవ్యాప్త సమన్వయం అమెరికార్ప్స్ అనే ప్రభుత్వ సంస్థది. చాలాచోట్ల పేర్లు ముందే నమోదు చేయించుకోవాలి. కొన్ని పనులకు వయోపరిమితి ఉంటుంది. ఆ సోమవారం చేతులకు కొదవుండదు, అసలు కొరత ఫిబ్రవరిలోనే. అందుకే కొన్ని సంస్థలు వచ్చినవారిని నెలనెలా పనులకూ అక్కడే చేర్చుకుంటాయి.