గచ్చు మార్చే ముందు

మా ఇల్లు పెరంబూరులో. తాత కట్టించిన ఇల్లు. అన్ని గదుల్లోనూ ఎర్ర గచ్చు ఉండేది. సిమెంటులో ఎర్ర ఆక్సైడు పొడి కలిపి, పైపైన రుద్ది రుద్ది అద్దంలా చేసిన నేల అది. రెండేళ్ళ కిందట హాల్లో మాత్రం టైల్సు వేయించాం. పాత గచ్చు తవ్వకుండా దాని మీదనే గమ్ము పూసి అంటించారు. రెండు రోజుల్లో పని అయిపోయింది. మూడో రోజు అవ్వ వచ్చి, "హాలుకీ వంటింటికీ నడుమ మెట్టు పడిందే" అంది. "అర అంగుళమే కదా అవ్వా" అన్నాం అందరం.

ఆ దీపావళికి కాఫీ గ్లాసు పట్టుకొని వంటింట్లోంచి వస్తూ అవ్వ అక్కడే తట్టుకొని పడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టుతో కూర్చుంది.

ఈ సంక్రాంతి సెలవుల్లో మిగతా గదులకు కూడా టైల్సు వేయిద్దామని నాయన అన్నప్పుడు, ఈసారి మేస్త్రి వచ్చేలోపే చూసుకోవలసినవన్నీ చూసుకుందాం అని నేను పట్టుబట్టాను. తెలిసిన మేస్త్రినీ, సివిలు చదివిన పక్కింటి అక్కనూ అడిగి నేర్చుకున్నవి, మేం చేసినవి ఇక్కడ రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్ళు పాతవే. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

మొదట చూడాల్సింది ఎత్తు

రంగు, డిజైను తర్వాత. కొత్త నేల ఎంత ఎత్తు పెరుగుతుందో ముందు లెక్క వేయాలి. మామూలు విట్రిఫైడ్ టైలు మందం 8 నుంచి 10 మిల్లీమీటర్లు. పాత నేల మీద గమ్ముతో అంటిస్తే గమ్ము మందం ఇంకో 3 నుంచి 5 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే అర అంగుళం. అదే, పాత గచ్చు పగలగొట్టి సిమెంటు మాలు మీద పరిస్తే, టైలుతో కలిపి అంగుళంన్నర దాకా పడుతుంది. కానీ తవ్విన లోతు ఎంతో మన చేతిలో ఉంది కాబట్టి, పై మట్టాన్ని పాతదానికి సమానంగా తేవచ్చు.

ఈ అర అంగుళం వల్ల మూడు చిక్కులు వస్తాయి. తలుపులు కింద రాసుకొని తెరుచుకోవు. టైల్సు వేసిన గదికీ వేయని గదికీ మధ్య మెట్టు పడుతుంది. బాత్‌రూమ్‌ లోపల నేల పెంచి బయట పెంచకపోతే నీళ్ళు గదిలోకి వస్తాయి. ఈ మూడూ టైల్సు అంటించాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

నీళ్ళ ట్యూబుతో మట్టం

ఏ గది ఎంత పల్లంగా ఉందో కంటితో తెలియదు. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. లోపలి నీళ్ళు కనిపించే పొడుగాటి ప్లాస్టిక్ ట్యూబు చాలు. అందులో నీళ్ళు నింపి రెండు కొసలూ పైకి పట్టుకుంటే, రెండు పక్కలా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. లోపల గాలి బుడగ ఉండకూడదు, ఉంటే లెక్క తప్పుతుంది. హాల్లో టైలు నుంచి 36 అంగుళాల ఎత్తున గోడ మీద గీత గీశాం. ఒక కొస ఆ గీత దగ్గర నాయన పట్టుకున్నాడు. రెండో కొస నేను ఒక్కో గదికి తీసుకెళ్ళి, నీళ్ళు నిలిచినచోట పెన్సిలుతో గుర్తు పెట్టాను. తర్వాత ప్రతి గుర్తు నుంచి కింద నేల దాకా టేపుతో కొలిచాం. అంకె పెద్దదైతే అక్కడ నేల పల్లం. చిన్నదైతే ఎత్తు.

వంటింటి గుమ్మం దగ్గర 36½ వచ్చింది. అదే వంటింట్లో తూము మూల 37¼ వచ్చింది! ముందు నాకు అర్థం కాలేదు. అవ్వ చెప్పింది: ఆ రోజుల్లో వంటిల్లు బిందెలతో నీళ్ళు పోసి కడిగేవాళ్ళట, నీళ్ళు తూములోకి పోవాలని తాత వాటం పెట్టించాడట. ఇలాంటి నేల మీద ఒట్టి గమ్ముతో టైల్సు అంటిస్తే ఆ వాలు అలాగే ఉండిపోతుంది. స్టవ్వు బల్ల, ఫ్రిజ్జు ఒక పక్కకు ఒరుగుతాయి. అందుకే వంటింట్లో మాత్రం గచ్చు పగలగొట్టించి, మాలు పరిచి, హాలు మట్టానికి తెచ్చాం.

బాత్‌రూమ్‌లో దీనికి తలకిందులు. అక్కడ వాటం ఉండి తీరాలి. ప్రతి మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున తూము వైపు దిగాలి. పరిచేటప్పుడే ఒక చెంబు నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో చూడండి.

పాత నేలను తట్టి చూడాలి

పాత గచ్చు మీదనే అంటించాలనుకుంటే అది గట్టిగా ఉందో లేదో చూసుకోవాలి. చెక్క పిడితోనో రూపాయి బిళ్ళతోనో అడుగడుగుకీ తట్టండి. ఖంగుమంటే సరే. డొల్లగా మోగినచోట కింద పట్టు విడిచిందని అర్థం, ఆ భాగం తీసేయాలి. తర్వాత చెమ్మ. అడుగున్నర చదరం పాలిథిన్ కవరును నేల మీద పరిచి, నాలుగు పక్కలా టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. తీసి చూస్తే లోపల నీటి చుక్కలు కనబడినా, నేల నల్లబడినా కింద తడి ఉన్నట్టే. ముందు ఆ తడి ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవాలి. మాకు పడకగది మూల అలా వచ్చింది. గోడ అవతల బాత్‌రూమ్ పైపు కారుతోంది. టైల్సు వేశాక తెలిసి ఉంటే మళ్ళీ పగలగొట్టాల్సి వచ్చేది.

ఎర్ర గచ్చుకు ఇంకో సంగతి కూడా ఉంది. ఏళ్ళ తరబడి మైనమో కొబ్బరినూనెో రుద్దిన నేల అది. ఆ జిడ్డు మీద గమ్ము పట్టదు. బాగా కడిగి, ఉలితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టించి, దుమ్ము ఊడ్చాకే అంటించాలి.

టైల్సు లెక్క

"రెండడుగుల టైలు" అని కొట్లో అంటారు. నిజానికి అది 600 మిల్లీమీటర్లే. రెండడుగులంటే దాదాపు 610. పెట్టెలో నాలుగు ఉంటే 16 చదరపు అడుగులు అనుకుంటాం, వచ్చేది 15½. 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గది అనుకోండి, 192 చదరపు అడుగులు. 16తో భాగిస్తే సరిగ్గా 12 పెట్టెలు. కానీ మూలల్లో కోతకు, పగిలేవాటికి నూటికి పది కలిపి, 15½తో భాగిస్తే 14 పెట్టెలు కావాలి. గోడ వారన పట్టీ కూడా అదే టైలుతో అయితే దానికి వేరే.

తక్కువపడితే తర్వాత కొనుక్కోవచ్చులే అనుకోకండి. పెట్టె మీద షేడు నంబరు, బ్యాచి నంబరు ఉంటాయి. బ్యాచి మారితే రంగు కొంచెం మారుతుంది. అన్ని పెట్టెలూ ఒకే నంబరువా అని దించుకునేటప్పుడే చూడాలి. పని అయ్యాక ఒక పెట్టె అటక మీద దాచుకోవాలి. వంటింటికీ బాత్‌రూమ్‌కూ నిగనిగలాడేవి వద్దు, గరుకువి తీసుకోండి. కొట్లో ఒక టైలు మీద నీళ్ళు చల్లి కాలితో రాసి చూస్తే తెలిసిపోతుంది.

ఇల్లు ఖాళీ చేయడం

ఇది ఇంట్లో ఆడవాళ్ళ మీద పడే పని కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఇల్లంతా ఒకేసారి ఖాళీ చేయకండి. ఒక గది సామాను ఇంకో గదికి, అది అయ్యాక ఇది. బీరువాలో బట్టలు తీసి, ఖాళీ బీరువానే జరపాలి. నగలు, పత్రాలు, మన సర్టిఫికెట్లు ఒకే సంచిలో వేసి బంధువుల ఇంట్లో పెట్టాం. వంటింటి పని మొదలయ్యే ముందు సిలిండరు రెగ్యులేటరు తీసి, సిలిండరు బయట పెట్టాలి. బియ్యం, పప్పులు మూతలు బిగించి దూరంగా ఉంచాలి. ఒక వారం వంట వరండాలోనే అని ముందే ఒప్పుకుంటే అమ్మకు కోపం తక్కువ వస్తుంది.

టైలు కోసే యంత్రం దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. వాకిట్లో, నీళ్ళు పోస్తూ కోయమని చెప్పండి. కోసేవాళ్ళకు మాస్కు మనమే కొనిస్తే పోయేదేమీ లేదు. తలుపులకు తడి దుప్పట్లు కట్టండి. పగలగొట్టిన ముక్కల్ని గోనెసంచుల్లో నింపి బండి మాట్లాడి పంపించేయాలి. వీధి కాలవ పక్కన పోస్తే వానలకు నీళ్ళు మన గుమ్మంలోకే వస్తాయి.

టైల్సు వేశాక ఒక రోజు ఎవరూ తొక్కకూడదు. బరువైన సామాను వారం తర్వాతే. అన్నిటికంటే ముందు, పెద్దవాళ్ళు, పిల్లలు ఆ రోజుల్లో ఎక్కడ పడుకుంటారు, రాత్రి బాత్‌రూమ్‌కు ఏ దారిన వెళ్తారు అన్నది ఆలోచించాలి. మేం అవ్వను అత్తవాళ్ళింటికి పంపుదామనుకున్నాం.

అవ్వ గది

అవ్వ వెళ్ళనంది. తన గదిలో టైల్సు కూడా వద్దంది. "ఎండాకాలం ఈ గచ్చు మీద పడుకుంటే నాకు ఫ్యాను కూడా అక్కర్లేదు. మీ కోసమని చల్లటి నేలను మూసేసుకోనా?" అంది. తట్టి చూస్తే ఆ గది గచ్చు ఎక్కడా డొల్ల లేదు, చెమ్మ లేదు. పోయినసారి ఆమె మాట విననందుకే కదా ఇంత జరిగింది! సరే అన్నాం.

కానీ హాలుకూ ఆ గదికీ అర అంగుళం తేడా అలాగే ఉంది. మేస్త్రి గుమ్మం లోపల ఆరు అంగుళాల వెడల్పున సిమెంటుతో చిన్న వాలు కట్టి, ఎర్ర పొడి కలిపి రుద్దాడు. అర అంగుళానికి ఆరు అంగుళాల వాలు ఉంటే కాలు తట్టుకోదట. ఆరిన తర్వాత అవ్వను నాలుగైదుసార్లు అటూ ఇటూ నడిపించి చూశాం. ఐదోసారి "చాల్లే, నాకేమైనా నడక నేర్పిస్తున్నారా" అని విసుక్కుంది.

మీ ఇంట్లో గచ్చు మార్చే మాట వస్తే, రంగుల కాగితం చూడకముందే ఒక ట్యూబు, ఒక టేపు, ఒక పెన్సిలు తీసుకొని గది గదికీ కొలవండి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళను వెంట పెట్టుకొని, వాళ్ళు రోజూ నడిచే దారిలో ఏం మారబోతోందో చూపించి, ఏమంటారో అడగండి.

— బి.కాం. రెండో సంవత్సరం విద్యార్థిని