వీసా వచ్చింది, మరి ఒప్పందం?

"వీసా వచ్చింది" అన్న మాట మన ఇళ్ళలో పండుగ కబురు వంటిది. తల్లి రెండు రకాతులు షుక్రానా నమాజు చేస్తుంది. తండ్రి అప్పు పుట్టే చోటు వెతుకుతాడు. చెల్లెలి పెళ్ళి మాటలు మళ్ళీ మొదలవుతాయి. అయితే ఆ వీసా ఏ రకానిది, యజమాని ఎవరు, చేయవలసిన పని ఏది, చేతికి వచ్చే వేతనమెంత అని అడిగేవారు అరుదు. ఎవరైనా అడిగినా "మామూజాన్ అక్కడే ఉన్నారు కదా, అన్నీ ఆయనే చూసుకుంటారు" అన్న జవాబుతో చర్చ ముగిసిపోతుంది.

ఈ అలవాటుకు ఒక చరిత్ర ఉంది. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో నిర్మాణాలు ఊపందుకొన్న నాటి నుండి హైదరాబాద్ పాతబస్తీ, నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల యువకులు దుబాయి, సౌదీ బాట పట్టారు. కడప సీమలోని రాయచోటి, రాజంపేట వాసులకు కువైట్ రెండో ఊరయింది. ఆనాడు వారిని చేర్చినది ప్రభుత్వాలు కావు, బంధుత్వం. ఒకరు వెళ్ళి నిలదొక్కుకొంటే తమ్ముణ్ణి, బావమరిదిని, పక్కింటి పిల్లవాణ్ణి పిలిపించుకొనేవారు. ఎన్నో కుటుంబాలు ఆ గొలుసు పట్టుకొనే పేదరికం నుండి బయటపడ్డాయి. దానిని మేము తక్కువ చేయబోవడం లేదు. కానీ లోకం మారింది. నేడు విదేశీ ఉద్యోగానికి తలుపు తెరుస్తున్నవి దేశాల మధ్య కుదిరే ఒప్పందాలు. ఆ ఒప్పందాలు తమ ద్వారం గుండా వెళ్ళినవారినే కాపాడుతాయి. మన పిల్లల్లో చాలామంది ఇంకా ప్రక్క సందులోంచే వెళ్తున్నారు. మా దిగులంతా అదే.

"అంతర్జాతీయ సహకారం" అనగానే దేశాధినేతలు కరచాలనం చేసుకొనే ఛాయాచిత్రాలు గుర్తుకు వస్తాయి. దాని అసలు రూపం మాత్రం కార్మికుని చేతిలోని కాగితంలో ఉంటుంది. ఇంటిపని వారి నియామకంపై మన దేశం 2014 జనవరిలో సౌదీ అరేబియాతో ఒప్పందం చేసుకొంది. 2016లో ఇతర సాధారణ కార్మికుల నియామకంపై మరొకటి కుదిరింది. 2021 జనవరిలో జపాన్‌తోనూ, 2022 డిసెంబరులో జర్మనీతోనూ ఒప్పందాలు జరిగాయి. ఒక దేశంలో నేర్చిన పనిని మరొక దేశం గుర్తించేలా చేయడం కూడా ఈ సహకారంలో భాగమే. ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ మెకానిక్, ఆటో ఎలక్ట్రీషియన్ పనుల మీద వెళ్ళేవారికి సౌదీ ప్రభుత్వం మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెట్టడం మొదలుపెట్టి, తరువాత మరికొన్ని పనులకు విస్తరించింది. ఉస్తాద్ దగ్గర పదేళ్ళు పని నేర్చి, చేతిలో ఒక్క ధ్రువపత్రమూ లేని మన కుర్రవాడికి ఇది అడ్డంకిగా కనిపించవచ్చు. నిజానికి అతని పనితనానికి తొలిసారిగా రాతపూర్వక విలువ కడుతున్న పరీక్ష అది.

ఇక సక్రమ మార్గం ఎలా ఉంటుందో చూద్దాం. 1983 నాటి వలస చట్టం ప్రకారం పదో తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉపాధి కోసం వెళ్ళాలంటే వలస అనుమతి తీసుకోవాలి. విదేశీ యజమాని తన వివరాలను, ఉద్యోగ ఒప్పందాన్ని 'ఈ-మైగ్రేట్' అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేయాలి. లైసెన్సు గల ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలు, దానిపై పన్ను తప్ప మరేమీ తీసుకోరాదు. వెళ్ళే వ్యక్తికి 'ప్రవాసీ భారతీయ బీమా యోజన' తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు, పైన పన్ను చెల్లిస్తే, ప్రమాదవశాత్తు మరణం లేక శాశ్వత వైకల్యం సంభవించినప్పుడు 10 లక్షల రూపాయల వరకు పరిహారం లభిస్తుంది. ఒక పూట కుటుంబ భోజనానికయ్యే ఖర్చు అది. అయినా సందుదారిన వెళ్ళినవాడికి ఆ బీమా ఉండదు. అతడు లక్షలు పోసి కొన్నది వీసా ఒక్కటే.

ఇక్కడొక చిక్కును ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. పదో తరగతి ప్యాసైన యువకుడి పాస్‌పోర్టుకు ఈ అనుమతి అక్కరలేదు. పిల్లవాడు చదువుకొన్నాడని మనం సంతోషిస్తాము, అది న్యాయమే. కానీ అనుమతి అక్కరలేనందువల్ల అతని ఒప్పందాన్ని ప్రభుత్వం తరఫున ఎవరూ పరిశీలించరు. అలాంటి వారు కూడా ముందుగా నమోదు చేసుకోవాలన్న నిబంధనను 2019 జనవరి నుండి తేవాలని ప్రభుత్వం తలపెట్టి, చివరి క్షణంలో ఆపివేసింది. పదో తరగతి దాటని తండ్రికి ఉన్న రక్షణ ఇంటర్ చదివిన కొడుక్కి లేదన్నమాట! కనుక చదువుకొన్నవారి ఇంట్లో జాగ్రత్త మరింత ఎక్కువగా ఉండాలి. జరుగుతున్నది మాత్రం దీనికి విరుద్ధం.

సందుదారులలో పేరుమోసినది 'ఆజాద్ వీసా'. పేరులో స్వేచ్ఛ ఉన్నా అందులో స్వేచ్ఛ లేదు. కాగితం మీద ఒక కఫీల్ ఉంటాడు, అతని దగ్గర పని ఉండదు. అతనికి ఏటా ఇంత అని ముట్టజెప్పి, ఇఖామా ఖర్చు తానే భరించి, బయట దొరికిన పని చేసుకోవాలి. బయటి యజమాని జీతం ఎగవేస్తే ఫిర్యాదు చేయడానికి వీలుండదు, ఎందుకంటే అక్కడ పనిచేయడమే నేరం. కఫీల్‌కు కోపం వస్తే 'హురూబ్' అని రాయిస్తాడు, అంటే పారిపోయినవాడని. నాటి నుండి ఆ కుర్రవాడు తోటివారి నోట 'ఖల్లివల్లి' అయిపోతాడు. 2013లో సౌదీ ప్రభుత్వం 'నితాఖత్' విధానంతో తనిఖీలు ముమ్మరం చేసినప్పుడు లక్షకు పైగా భారతీయులు తిరిగి రావలసి వచ్చింది. వారిలో ఆజాద్ వీసాలవారు అనేకులు. ఊళ్ళో అప్పు మాత్రం అలాగే నిలిచింది.

2021 మార్చి నుండి సౌదీలో ఒప్పందం గల ప్రైవేటు రంగ కార్మికులు కొన్ని షరతులకు లోబడి యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కలిగింది. అయితే ఇంటి పనివారు, ఇంటి డ్రైవర్లు, వ్యవసాయ కూలీలు ఆ సంస్కరణ పరిధిలోకి రాలేదు. మన ప్రాంతాల నుండి హౌస్ డ్రైవరుగా వెళ్ళేవారెందరో పాఠకులకు చెప్పనక్కరలేదు. కంపెనీ వీసా మీద డ్రైవరు వేరు, ఇంటి వీసా మీద డ్రైవరు వేరు. చేసే పని ఒక్కటే అయినా చట్టం దృష్టిలో వారిద్దరూ ఒకటి కారు.

పరాయి దేశంలో పనికి కుదిరిన ఒక యువకుని ఉదంతం దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అలైహిస్సలామ్) ఈజిప్టును విడిచి, చేతిలో ఏమీ లేని స్థితిలో మద్‌యన్ చేరుతారు. బావి దగ్గర ఇద్దరు యువతుల పశువులకు నీరు తోడిపెడతారు. వారి తండ్రి ఆయనను పిలిపించి ఆ శ్రమకు ప్రతిఫలం ఇవ్వదలుస్తారు. ఆ కుమార్తెలలో ఒకరు ఇతన్ని పనిలో పెట్టుకోమని సలహా ఇస్తూ చెప్పిన అర్హతలు రెండే: శక్తి, నమ్మకం. నేటి భాషలో ఒకటి నైపుణ్యం, మరొకటి నిజాయితీ. ఆపై గడువు మాట వచ్చింది. ఎనిమిదేళ్ళు తప్పనిసరి, పదేళ్ళు అతని ఇష్టం. కష్టపెట్టే ఉద్దేశం లేదని యజమాని ముందే చెప్పారు. ఏ గడువు పూర్తి చేసినా తనపై ఒత్తిడి ఉండరాదని మూసా (అ) తేల్చి చెప్పి, ఆ మాటకు అల్లాహ్‌ను సాక్షిగా పెట్టారు. పని, గడువు, ప్రతిఫలం, బలవంతం లేకపోవడం, సాక్ష్యం అన్నీ అందులో ఉన్నాయి. ఆకలితో, భయంతో వచ్చిన శరణార్థి కూడా షరతులు మాట్లాడుకొన్న తరువాతనే పనిలో చేరారు. ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్ సైతం బాకీ లావాదేవీని రాసిపెట్టుకోవడం గురించే. "మనవాళ్ళ మధ్య కాగితమేమిటి?" అని నొచ్చుకొనే పెద్దలు దీనిని ఆలోచించాలని మా మనవి.

వేతనం సంగతి కూడా ఒప్పందాలపైనే ఆధారపడి ఉంటుంది. గల్ఫ్ దేశాలకు వెళ్ళే మన కార్మికులకు ఇంతకు తగ్గరాదంటూ భారత ప్రభుత్వం కనీస సూచిత వేతనాలు నిర్ణయిస్తుంది. 2020 సెప్టెంబరులో, కరోనా కష్టకాలంలో, వాటిని 30 నుండి 50 శాతం వరకు తగ్గించింది. ఉద్యోగాలు నిలవాలంటే తగ్గక తప్పదన్నది అప్పటి వాదన. తెలంగాణ గల్ఫ్ కార్మికుల పక్షాన హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, కార్మిక సంఘాలు ఆందోళన చేశాయి. 2021లో ఆ తగ్గింపును ప్రభుత్వం ఉపసంహరించుకొంది. అడిగితే మారుతుందనడానికి ఇది తార్కాణం. ఆ అడిగినవారిలో మన సముదాయ సంస్థల గొంతు మరింత గట్టిగా వినిపించి ఉంటే బాగుండేది.

కొత్త ద్వారాల విషయానికి వస్తే, జపాన్, జర్మనీ రెండూ వృద్ధుల సంఖ్య పెరిగి పనిచేసే చేతులు తగ్గిపోతున్న దేశాలు. జపాన్ 2019లో 'నిర్దిష్ట నైపుణ్య కార్మికుల' విధానం తెచ్చింది. వృద్ధుల సంరక్షణ, నిర్మాణం, ఆహార తయారీ, వ్యవసాయం వంటి రంగాలలో తొలి దశలో అయిదేళ్ళ వరకు పనిచేయవచ్చు. దీనికి పని పరీక్షతో పాటు ప్రాథమిక స్థాయి జపనీస్ భాషా పరీక్ష గట్టెక్కాలి. అయిదేళ్ళలో 50,000 మంది నిపుణులైన భారతీయులు జపాన్ వెళ్ళాలని 2025 ఆగస్టులో ఇరు దేశాలు లక్ష్యం పెట్టుకొన్నాయి. జర్మనీ మన నిపుణులకిచ్చే వార్షిక వీసాల పరిమితిని 20,000 నుండి 90,000కు పెంచుతున్నట్లు 2024లో ప్రకటించింది. అక్కడ నర్సుగా గుర్తింపు పొందాలంటే జర్మన్ భాష సాధారణంగా 'బి2' స్థాయి వరకు రావాలి. అది నెలల తరబడి కూర్చొని చదివితే గాని రాదు.

మన ఇళ్ళ లెక్క తలకిందులయ్యేది ఇక్కడే. వీసా కొనడానికి రెండు లక్షలు అప్పు చేస్తాము, అది కూడా చాలాసార్లు వడ్డీకి. అదే తండ్రిని భాషా శిక్షణకు నలభై వేలు అడిగితే "అంత పోసి, పరీక్ష తప్పితే?" అంటారు. నేర్చిన భాష పిల్లవాడి దగ్గరే ఉంటుంది. ఏజెంటుకిచ్చిన సొమ్ము ఆ రోజే చేయి దాటిపోతుంది. పైగా హలాల్ సంపాదన కోసం బయలుదేరేవాడి తొలి అడుగే వడ్డీ అప్పులో పడితే, ఆ ప్రయాణంలో బరకత్ ఎక్కడినుండి వస్తుంది?

కేరళ ఈ విషయంలో చాలా ముందుంది. విదేశీ ఉద్యోగాల కోసం అక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి 1977 నుండే పనిచేస్తోంది. 2021లో ఆ రాష్ట్రానికి చెందిన 'నోర్కా' సంస్థ జర్మనీ ప్రభుత్వ ఉపాధి సంస్థతో నేరుగా ఒప్పందం చేసుకొని, ఎంపికైన నర్సులకు ఉచితంగా భాష నేర్పించి పంపుతోంది. మనకూ సంస్థలు లేకపోలేదు. తెలంగాణలో 2015 నుండి 'టామ్‌కామ్', ఆంధ్రప్రదేశ్‌లో 'ఓంక్యాప్' ప్రభుత్వ సంస్థలుగా ఉన్నాయి. గల్ఫ్ ఉద్యోగాలతో పాటు జపాన్, జర్మనీ నియామకాలకు, భాషా శిక్షణకు టామ్‌కామ్ ప్రకటనలు వెలువరిస్తూనే ఉంటుంది. ఆ ప్రకటనలు మన మొహల్లాలకు చేరవు. చేరినా "సర్కారు పని ఏళ్ళు పడుతుంది" అని పక్కన పెట్టేస్తారు. ఆలస్యం ఉన్న మాట నిజమే. ఆజాద్ వీసా మీద పోగొట్టుకొన్న ఏళ్ళను మాత్రం ఎవరూ లెక్కించరు.

ఈ కొత్త అవకాశాలలో పెద్ద భాగం నర్సింగ్, సంరక్షణ రంగాలలో ఉంది, అంటే మన ఆడపిల్లలకు దగ్గరగా ఉంది. ఇక్కడ తల్లిదండ్రుల సందేహాలను మేము తేలికగా తీసుకోము. దూరదేశం, ఒంటరి బస, నమాజు, హిజాబ్, ఆహారం, పెళ్ళి వయసు ఇవన్నీ నిజమైన ప్రశ్నలే. మహ్రమ్ లేని ప్రయాణం గురించి ప్రతి కుటుంబం తాను విశ్వసించే ఉలమాను అడిగి నిర్ణయించుకోవలసిందే. ఒక్క వ్యత్యాసం మాత్రం చూపదలచాము. పదో తరగతి లేని స్త్రీ 30 ఏళ్ళు నిండకుండా ఆ 18 దేశాలకు పనికి వెళ్ళడాన్ని ప్రభుత్వమే అనుమతించదు. ఇళ్ళలో బందీలై, జీతం లేక విలపించిన మహిళల అనుభవం ఆ నిబంధన వెనుక ఉంది. అయినా విజిట్ వీసా మీద ఇంటిపనికి పంపే ఏజెంట్లు ఉన్నారు, పంపే కుటుంబాలూ ఉన్నాయి. ఇంటిపనికి అలా పంపడానికి సంకోచించని ఇల్లు, చదువుకొన్న నర్సును ఆసుపత్రి ఒప్పందంపై పంపడానికి మాత్రం వందసార్లు ఆలోచించడం మాకు విచిత్రంగా తోస్తుంది.

మస్జిద్ కమిటీలు చేయగల పని ఇందులో కొంత ఉంది. జుహర్‌కూ అస్ర్‌కూ మధ్య ఖాళీగా ఉండే పై అంతస్తులో భాషా తరగతి నడపవచ్చు. పేద విద్యార్థి శిక్షణకు బైతుల్‌మాల్ నుండి వడ్డీలేని అప్పు, అంటే ఖర్జె హసనా, ఇవ్వవచ్చు. గల్ఫ్ నుండి తిరిగి వచ్చిన ఉస్తాద్‌లు ప్రతి పేటలో ఉన్నారు. నైపుణ్య పరీక్షకు కుర్రవాళ్ళను సిద్ధం చేయడానికి వారిని మించినవారు దొరకరు. అన్నింటికంటే సులువైనది మరొకటుంది. ఏజెంటుకు డబ్బు కట్టే ముందు అతని రిజిస్ట్రేషన్ సంఖ్య అడిగి, ఈ-మైగ్రేట్ జాబితాలో అది ఉందో లేదో చూడాలి. చేతిలోని ఫోనులో అయిదు నిమిషాల పని అది. సంఖ్య అడిగినందుకు ఏజెంటు నొచ్చుకొంటే, ఆ డబ్బు ఇంట్లోనే ఉంచుకోవడానికి అంతకంటే మంచి కారణం అక్కరలేదు.